సఫారీకి సలహాదారు

1908వ సంవత్సరంలో అమెరికా సంయుక్త రాష్ట్రాల అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు పదవీకాలం ముగియవచ్చినది. మరుసటి ఏడు మార్చి నెలలో అధికారం దిగిపోగానే ఆఫ్రికాకు వేటకు వెళ్ళాలని ఆయన నిశ్చయించుకొన్నాడు. అంతటివానికి సలహా చెప్పడానికి సేనానులకు కొదువ లేదు, పండితులకు కొదువ లేదు. అయినప్పటికీ ఈ విషయంలో ఆయన ఉత్తరాలు సముద్రం దాటి, ఇంగ్లండులో సర్రే మండలంలోని వర్‌ప్లెస్‌డన్ అనే చిన్న ఊరికి పోతూ వచ్చినవి. ఆ ఊరిలో ఏబదియారేండ్ల వేటగాడొకడు, తాను తెచ్చిన కొమ్ములు, తలలు, చర్మాలతో సొంతంగా ఒక ప్రదర్శనశాల కట్టుకొని కాపురముంటున్నాడు. ఆయన పేరు ఫ్రెడరిక్ కోర్ట్నీ సెలూ.

ఆ పేరు చివర ఇంగ్లీషులో ఒక సకారం వ్రాస్తారు కాని పలుకరు. మతహింసకు తాళలేక ఫ్రాన్సును విడిచిన హ్యూగెనాట్ ప్రొటెస్టెంట్ల సంతతి ఆ కుటుంబం. పేరులోని ఫ్రెంచి వాసన అట్లే నిలిచిపోయినది.

సఫారీ అనే మాటను గూర్చి కూడ ఇక్కడే ఒక ముక్క చెప్పుకోవాలి. ఇది స్వాహిలీ భాషలోని పదం. దీనికి మూలం అరబ్బీలోని సఫర్. మన హైదరాబాదువారి నోట సఫర్ అంటే ప్రయాణమే. స్వాహిలీవారికి సఫారీ అన్నా ప్రయాణమే. వేట అనే అర్థం ఆ మాటలో మొదట లేదు, దొరలు తెచ్చి పెట్టినారు. సెలూ జీవితం చదివినవారికి ఆ పాత అర్థమే సరియైనదని తోస్తుంది. గురి చూసి కాల్చడం ఆయన వృత్తిలో అరనిమిషపు పని. తక్కిన కాలమంతా నడక, దాహం, జ్వరం, మోత, దారి వెదుకులాట. వీటికి ఎట్లా సిద్ధపడాలో ఆయనకు గురువులెవ్వరూ నేర్పలేదు. ఒక్కొక్క పాఠానికి ఒక్కొక్క దెబ్బ చొప్పున చెల్లించి నేర్చుకొన్నాడు.

ఆయన 1851 డిసెంబరు 31న లండను నగరంలో జన్మించినాడు. తండ్రి లండను స్టాకు ఎక్స్ఛేంజికి అధ్యక్షత వహించిన సంపన్నుడు, తల్లి కవయిత్రి. అట్టి ఇంట పుట్టిన బిడ్డ లెక్కల పుస్తకాల మధ్య పెరిగి పెద్దవాడు కావలసినది. కాని ఈ పిల్లవానికి లివింగ్‌స్టన్ ఆఫ్రికా యాత్రల పుస్తకాలు చేతికి చిక్కినవి. అంతే, తక్కిన చదువు వెనుకబడినది. బడిలో ఒక రాత్రి ఉపాధ్యాయుడు పిల్లల పడకగదిలోకి వచ్చి చూడగా, అందరూ మంచాలమీద నిద్రిస్తుండగా ఇతడు మాత్రం రాత్రిచొక్కాతో వట్టి నేలమీద పడి ఉన్నాడట. కారణమడిగితే, పెద్దయిన తరువాత ఆఫ్రికాలో వేటగాడు కాదలచుకొన్నానని, నేలమీద పడుకొనడం ఇప్పటినుండే అలవాటు చేసుకొంటున్నానని చెప్పినాడట. ఇటువంటి కథలు గొప్పవారి బాల్యానికి తరువాత అతికించడం లోకంలో ఉన్నదే. కాని ఈ కథను నమ్మవచ్చునని నాకు తోస్తున్నది. రగ్బీ పాఠశాలలో ఉన్న రోజులలో కొంగగూళ్ళలోని గుడ్ల కోసం చన్నీటి చెరువులను ఈదిన కుర్రవాడు, రాత్రి నేలమీద పడుకొన్నాడంటే వింత ఏమున్నది?

పదిహేనేండ్ల వయస్సులో మృత్యువు ఆయనను ఒకసారి పలుకరించి పోయినది. 1867 జనవరి 15న లండనులోని రీజెంట్స్ పార్కు చెరువు గడ్డకట్టి ఉండగా వందలమంది దానిమీద జారుతూ ఆడుకొంటున్నారు. మంచు ఒక్కసారిగా పగిలిపోయినది. నలుబదిమంది ఆ నీటిలో ప్రాణాలు విడిచినారు. సెలూ కాళ్ళమీద నిలబడి పరుగెత్తే ప్రయత్నం చేయలేదు. బోర్లా పడుకొని, పగిలిన పలక మీదనుండి మరొక పలక మీదికి ప్రాకుతూ గట్టు చేరుకొన్నాడు. ఆపదలో బరువును పరచుకొనాలనే బుద్ధి ఆ వయసుకే ఎట్లా కలిగినదో!

కొడుకును వైద్యుణ్ణి చేయాలని తండ్రి కోరిక. అందుకోసం స్విట్జర్లండుకు, జర్మనీకి పంపినాడు. జర్మనీలో ఈ విద్యార్థి ఒక గూటిలోని గుడ్లు తీస్తుండగా అటవీ ఉద్యోగి పట్టుకొనబోయినాడు. సెలూ అతణ్ణి కొట్టి పడగొట్టి, ఆ కేసు మెడకు చుట్టుకోకముందే ఆస్ట్రియాకు తరలిపోయినాడు. వైద్యం అంతటితో సరి.

1871 సెప్టెంబరులో దక్షిణాఫ్రికాలోని అల్గోవా అఖాతంలో ఓడ దిగినాడు. వయస్సు పందొమ్మిది. జేబులో 400 పౌన్ల సొమ్ము ఉన్నది. ఇంగ్లండునుండి ఎంతో ముచ్చటపడి తెచ్చుకొన్న జోడుగొట్టాల రైఫిల్ ఒకటి ఉన్నది. ఎద్దుబండిమీద రెండు మాసాలు ప్రయాణం చేసి వజ్రాల గనుల ప్రాంతానికి చేరినాడో లేదో, ఆ రైఫిల్‌ను దొంగలెత్తుకొని పోయినారు. ఏనుగుల దేశం గడపలో నిలబడి చేతిలో ఆయుధం లేనివాడైనాడు. ఎవరికీ అక్కరలేక పడి ఉన్న రెండు మోటు తుపాకులు దొరికినవి. వెల ఒక్కొక్కటి ఆరు పౌన్లు. గొట్టం లోపల చారలు లేవు. మందు, గుండు గొట్టం మూతినుండి దట్టించవలసినవే. ఒక్కొక్క గుండు పావు పౌను, అనగా సుమారు పది తులాలు తూగేది. ప్రక్కన వ్రేలాడే తోలుసంచిలో చేయి పెట్టి, పిడికిటికి వచ్చినంత నాటుమందు తీసి గొట్టంలో పోసేవాడు. అది మూడు తులాలైనా ఉండేది.

ఈ తుపాకులతోనే ఆయన 1872 మొదలు 1874 వరకు మూడు వేటకాలాలలో 78 ఏనుగులను కొట్టినాడు; ఒక్కటి తప్ప అన్నీ కాలినడకన. ఆ సంఖ్య చూచి ఆనాటివారు ఆశ్చర్యపడినారు, ఈనాటివారు నొచ్చుకొంటారు. సెలూ మాత్రం తన భుజాన్ని తలచుకొనేవాడు. ఆ తుపాకి ప్రతి కాల్పుకూ వెనుకకు తన్నేది. ఆ తాపులు తన నరాలను శాశ్వతంగా బలహీనపరచినవని, ఆ తుపాకులను ముట్టకుండా ఉంటే ఎంతో బాగుండేదని ఆయన వెనుకటి కాలంలో వ్రాసుకొన్నాడు. ఒకనాడు మందు అంటుకొనక పేలని తుపాకిని సేవకుడు తిరిగి తీసుకొని, లోపల మందు ఉన్న సంగతి మరచి మరల దట్టించి ఇచ్చినాడు. సెలూ ఏనుగుమీదికి గురిపెట్టి మీట నొక్కినాడు. రెండింతల మందు ఒక్కసారి పేలేసరికి ఆయన గాలిలోకి ఎగిరి, గిర్రున తిరిగి, ముఖం ఇసుకలో గుచ్చుకొనేటట్లు పడినాడు. తుపాకి భుజం మీదుగా వెనుకకు ఎగిరిపోయినది, దాని కొయ్యమడమ తునకలైనది. వేటకు పోయేవాడు తన తుపాకిలో ఏమున్నదో తానే ఎరిగి ఉండాలనే మాట పుస్తకాలలో ఒక్క పంక్తి. ఆయనకు అది చెంప, భుజం చెప్పిన పాఠం.

మొదటి సంవత్సరంలోనే జిరాఫీలను తరుముతూ తోడివారినుండి తప్పిపోయినాడు. కంబళి లేదు, తిండి లేదు, గుర్రం కూడ చేజారినది. మూడు రాత్రులు ఆ చలికాలపు బయలులో గడిపి, నాలుగవనాటికి మనుష్యుల ముఖం చూచినాడు. అటుపిమ్మట ఆయన వేటాడే తీరు గమనించదగినది. సెట్సీ ఈగ ఉన్న చోట గుర్రాలు బ్రతుకవు. కనుక ఏనుగుల అడవిలో నడవక తప్పదు. నడవవలసినవాడు తేలికగా ఉండాలి. పలుచని నూలుచొక్కా, ఒక టోపీ, పచ్చితోలు చెప్పుల వంటి జోళ్ళు, మోకాళ్ళ క్రింద వట్టి కాళ్ళు. ఇదీ వేష్టనం. తేనీరు మాత్రం విడువలేదు. ఇతర దొరలకు సారాయి ఎట్లాగో ఆయనకు తేనీరు అట్లాగు. వేడిగా దొరికితే వేడిగా, లేకుంటే చల్లగానే త్రాగేవాడు. మన పల్లెలలో పొలం పోయేవాడు చద్దిమూట, మంచినీళ్ళు చూచుకొని కదిలినట్లే, అతడు ఈ నాలుగు వస్తువులు చూచుకొని కదిలేవాడు.

ఇంతకూ ఆ అడవి ఎవరిది? మటబెలే జాతి రాజు లొబెంగులాది. 1872లో సెలూ ఆ రాజు కొలువుకు పోయి ఏనుగులను వేటాడడానికి అనుమతి కోరినాడు. మీసం సరిగా మొలవని ఈ తెల్లకుర్రవాణ్ణి చూచి రాజు నవ్వి, చిన్న లేళ్ళను కొట్టడానికి వచ్చి ఉంటావు కదా అని పరిహసించినాడు. చివరకు, వట్టి పసివాడు, ఎక్కడ తిరిగితేనేమి అని పొమ్మన్నాడు. వేటకాలం ముగిసి ఆ పసివాడు దంతాలతో తిరిగి వచ్చేసరికి రాజు నివ్వెరపోయి, ఇక మగవాడవైనావు, పెళ్ళి ఎప్పుడని అడిగినాడట. రాజు చేసిన ఆ హాస్యాన్ని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని నా మనవి.

1878లో ఒక ఆడఏనుగు ఆయనను తరిమినది. గుర్రం అలసి అడుగు తీయలేకపోయినది. ఏనుగు తాకిడికి గుర్రంతో సహా క్రిందపడి, కన్ను తెరిచేసరికి ఏనుగు తనమీదనే మోకరించి ఉన్నది. దంతాలు నేలలో దిగబడినవి. ఆ పొట్టక్రింది చీకటిలోనుండి వెనుకకాళ్ళ సందున జారి బయటపడినాడు. తన అనుభవాలను 1881లో పుస్తకంగా ప్రచురించినాడు. ఇంగ్లండంతా ఆ పుస్తకం చదివినది. 1885లో రైడర్ హాగర్డు వ్రాసిన సాలమన్ రాజు గనులు అనే నవలలోని క్వాటర్‌మెయిన్ అనే వేటగాణ్ణి సెలూను చూచియే మలచినాడని చాలామంది నమ్మకం. నవలలోని వేటగాడు గురి తప్పడు. సెలూ మాత్రం తన గురి సామాన్యమైనదని స్వయంగా ఒప్పుకొన్నాడు. పుస్తకం ఎంతో పేరు తెచ్చినది కాని ఏనుగులు అప్పటికే తరిగిపోయినవి. దంతాల బేరంమీద బ్రతకడం ఆ ప్రాంతంలో ఇక సాగదని గ్రహించి, ప్రదర్శనశాలలకు జంతువుల చర్మాలు, ఎముకలు సేకరించే పనికి మరలినాడు. తాను తరిగించినదాని లోటు తన బ్రతుకులోనే చూచిన మనిషి.

ఆయన నేర్చిన పాఠాలలో మిక్కిలి కఠినమైనది 1888లో వచ్చినది. జాంబెజీ నదికి ఉత్తరాన మషుకులుంబ్వే జాతివారి దేశంలో విడిది చేసి ఉండగా, ఒక రాత్రి వారు ఆయన విడిదిమీద పడినారు. పరివారం ఇరువదియైదుగురిలో పన్నెండుగురు హతులైనారు. సెలూ ఎత్తైన గడ్డిలోకి దూరి తప్పించుకొన్నాడు. సామానంతా పోయినది. చేతిలో మిగిలినది ఒక రైఫిల్, నాలుగు తూటాలు. కఫూయే నదిని ఈది, పగలు దాగి, రాత్రులు నడిచి దక్షిణానికి మరలినాడు. దారిలో ఆశ్రయమిచ్చినట్లు నటించిన ఒక పల్లెలో ఆ రైఫిల్ కూడ పోయినది. మూడు వారాలపాటు ఒంటరిగా, తనవారెవరైనా బ్రతికి ఉన్నారో లేదో తెలియక తిరిగి, కడకు స్నేహితులున్న చోటు చేరుకొన్నాడు. బండినిండ సామాను కట్టుకొని పోయినవానికి కూడ, చివరకు అక్కరకు వచ్చేది పడుకొన్నప్పుడు చేతికందే దూరంలో ఉన్నదేనని ఆ రాత్రి తెలిసినది. ఆ దేశపు ప్రజలు ఎందుకట్లా చేసినారనే ప్రశ్నకు సెలూ పుస్తకంలో ఒక సమాధానం దొరుకుతుంది. వారిని అడిగి వ్రాసినవారు లేరు.

ఇక ఆయన చరిత్రలో నాకు రుచించని ఘట్టానికి వస్తున్నాను. పద్దెనిమిదేండ్లు తిరిగి తిరిగి సెలూ ఆ దేశంలోని ఏరులను, కనుమలను, నీటిగుంటలను, ఏ దారిన బండి పోతుందో ఏ దారిన పోదో తెలిసికొన్నాడు. వేటకోసం సంపాదించిన ఆ జ్ఞానం 1890లో సెసిల్ రోడ్సు చేతికి పోయినది. రోడ్సు స్థాపించిన బ్రిటిష్ సౌత్ ఆఫ్రికా కంపెనీ మషోనా దేశాన్ని ఆక్రమించుకొనడానికి ఒక దండును నడిపించినది. ఆ దండుకు దారి చూపినవాడు సెలూ. మటబెలేల నట్టిల్లు త్రొక్కకుండా, తూర్పుగా చుట్టుతిరిగి పోయే దారిని ఆయనే ఎంచినాడు. రక్తం చిందకుండా పోవాలని ఆయన ఉద్దేశం. సుమారు నాలుగువందల మైళ్ళ బాట అడవి నరికి వేసినారు. ఆ సంవత్సరం సెప్టెంబరు 12న సాలిస్‌బరీ కోట వెలసినది. అదే నేటి జింబాబ్వే రాజధాని హరారే. మూడేండ్లు తిరిగేసరికి యుద్ధం రానే వచ్చినది. 1893లో కంపెనీవారి మాక్సిం తుపాకుల ముందు మటబెలే సేనలు నేలకూలినవి. ఆ యుద్ధంలో సెలూ కూడ కంపెనీ పక్షాన నిలిచి గాయపడినాడు. లొబెంగులా రాజధానిని విడిచి పారిపోయి, 1894లో ఎక్కడో అడవిలో మరణించినాడు. పసివాడు ఎక్కడ తిరిగితేనేమి అన్న రాజు ఆయనే.

ఇందులో సెలూకు దురుద్దేశం అంటగట్టడం న్యాయం కాదు. ఆయన మాట తప్పని మనిషి, ధనం కూడబెట్టుకొన్నవాడు కాడు. ఆఫ్రికనులలో ఆయనను ప్రేమించి వెంట నడిచినవారు ఎందరో ఉన్నారు. తన జాతి ఎక్కడికి పోతే అక్కడికి మేలు పోతుందని ఆనాటి ఇంగ్లీషువారివలెనే ఆయనా నమ్మినాడు. వ్యాపారికి దారి చూపిన దుబాసీల చరిత్ర ఎరిగిన మన దేశంవారికి ఈ కథ క్రొత్తగా తోచదు.

1894లో వివాహం చేసికొని, 1896లో మరల అక్కడ తిరుగుబాటు చెలరేగినప్పుడు అందులోనూ పాల్గొని, తరువాత ఇంగ్లండులో స్థిరపడినాడు. స్థిరపడినాడన్నది పేరుకే. పక్షిగుడ్ల కోసం ఆసియా మైనరుకు, దుప్పుల కోసం కెనడాకు, న్యూఫౌండ్‌లాండుకు పోతూనే ఉన్నాడు. 1902, 1903 సంవత్సరాలలో బ్రిటిషు తూర్పు ఆఫ్రికా, అంటే నేటి కెన్యా దేశం కూడ చూచి వచ్చినాడు. రూజ్వెల్టుతో ఉత్తరాల స్నేహం అంతకుముందే కుదిరినది. జంతువులకు వాటి రంగులు మరుగుగా ఉపకరిస్తవనే సిద్ధాంతాన్ని పండితులు హద్దుమీరి చెబుతున్నారని ఇద్దరికీ అనుమానం; అడవిలో కంటితో చూచినవానికి అది పొసగదని వాదించేవారు. రూజ్వెల్టు ప్రోద్బలంతోనే సెలూ తన పరిశీలనలను 1908లో గ్రంథంగా వెలువరించినాడు. దానికి పీఠిక వ్రాసినది రూజ్వెల్టే.

అట్టి స్నేహితుడు వేటకు వస్తానన్నప్పుడు సెలూ చేసిన సహాయం చిన్నది కాదు. ఎడ్వర్డ్ నార్త్ బక్స్‌టన్ అనే మరొక అనుభవశాలితో కలసి ప్రయాణపు ఏర్పాట్లలో తోడ్పడినాడు. నైరోబీలో సఫారీలకు సరంజామా సమకూర్చే న్యూలాండ్ అండ్ టార్ల్‌టన్ కంపెనీ ఈ పనికి కుదిరినది. అడవిలో దారి చూపేవాడు ఆర్. జె. కనింగ్‌హామ్. సెలూయే ఆ సఫారీని నడిపినాడని కొందరు వ్రాస్తారు కాని అది పొరపాటు. ఏర్పాట్లు చూచి, కొంత దూరం వెంట ఉండి, తన దారిన తాను వేటకు పోయినాడు. సలహా చెప్పినవాడు పక్కకు తప్పుకొనడం కూడ ఒక మర్యాదే.

ఆ సన్నాహం ఎట్టిదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. చేతిలో నాలుగు తూటాలతో మూడు వారాలు బ్రతికినవాడు, ఇప్పుడు ఇన్నూరుమందికి పైగా కూలీలున్న ప్రయాణానికి సలహాదారు! రూజ్వెల్టు స్మిత్‌సోనియన్ సంస్థ పక్షాన జంతువులను సేకరించడానికి పోతున్నాడు. కనుక సామానులో అన్నిటికంటె పెద్ద బరువు ఉప్పు: నాలుగు టన్నులు. ఉప్పు వేయని చర్మం ఆ ఎండకు రెండుమూడు రోజులలో పాడైపోతుంది. వెండ్రుకలు రాలిన చర్మం ప్రదర్శనశాలకు పనికిరాదు. పోయే పని ఏదో తెలిసికొని మూట కట్టడం అంటే ఇదే. చూడబోయేవాడు దుర్భిణి మోస్తాడు, తినడానికి కొట్టేవాడు కత్తి మోస్తాడు, ఈయన ఉప్పు మోయించినాడు.

బండి పోని దేశంలో ప్రతి వస్తువూ ఒక మనిషి తలమీదనే కదలాలి. ఒక్కొక్క కూలీ మోత సుమారు 60 పౌనులు, అంటే 27 కిలోలు. డేరా అయినా, బియ్యమైనా, తూటాల పెట్టె అయినా ఆ తూకానికి లోబడవలసినదే. రూజ్వెల్టు పుస్తకాలు లేనిదే నిద్రపోడు. అరువదికి మించని పుస్తకాలు ఏరి, చెమటకు, వానకు, నెత్తుటి చేతులకు చెడకుండా పందితోలుతో కట్టించి, ఒక పెట్టెలో అమర్చించినాడు. ఆ పెట్టె కూడ ఒక్క కూలీ మోతకు మించలేదు. గ్రంథాలయాన్ని ఒక మనిషి తలకు సరిపోయేటట్లు కుదించిన ఆ యుక్తి నాకు ఆయన రైఫిల్‌లకంటె ఎక్కువ నచ్చినది. తిండిపెట్టెలలో తన దేశపు రుచి మరచిపోలేక ఉడికించిన చిక్కుడుగింజల డబ్బాలు, కాలిఫోర్నియా పీచ్ పండ్ల డబ్బాలు, టొమాటోలు చేర్పించుకొన్నాడు. చూపు మందమైన మనిషి కనుక కళ్ళద్దాలు ఒక జత కాక అనేక జతలు వెంట తీసుకొన్నాడు. తుపాకులు మూడు రకాలు; వాటిలో జోడుగొట్టాల పెద్ద రైఫిల్ ఇంగ్లండులోని మిత్రులు చందాలు వేసికొని బహూకరించినది. చందాదారులలో సెలూ ఒకడు. తన భుజం విరగదన్నిన ఆ ఆరుపౌన్ల తుపాకులు అప్పుడాయనకు జ్ఞాపకం వచ్చే ఉంటవి.

1909 ఏప్రిల్‌లో నేపుల్సు రేవునుండి అడ్మిరల్ అనే ఓడలో ఇద్దరూ కలసి ప్రయాణం చేసినారు. 21వ తేదీన మొంబాసాలో దిగినారు. అక్కడనుండి రైలు. ఇంజను ముందర అమర్చిన బల్లమీద కూర్చుండి రూజ్వెల్టు జంతువులను చూస్తూ పోయినాడు. కపిటీ మైదానంలో రైలు దిగేసరికి డేరాలు వేసి, కూలీలు బారులు తీరి సిద్ధంగా ఉన్నారు. గుర్రాలను చూచేవారిని అక్కడ సైసులనే పిలిచేవారు. మన దేశపు మాట సముద్రం దాటి అక్కడ కాపురం పెట్టినదన్నమాట. మరుసటి సంవత్సరం మార్చిలో ఖార్టూము చేరేవరకు ఆ ప్రయాణం సాగినది. తండ్రీకొడుకులు కలసి కొట్టిన పెద్ద జంతువులు 512. చిన్నా పెద్దా కలిపి వాషింగ్టను చేరిన జీవజాతుల నమూనాలు పదకొండువేలు దాటినవి. శాస్త్రంకోసమని ఆనాడు అన్నారు. కొంత నిజమే, ఆ చర్మాలమీద నేటికీ పరిశోధన చేసేవారున్నారు. కాని 512 అంటే శాస్త్రం అడిగినదెంత, వేలు అడిగినదెంత అని లెక్క కట్టడం సులభం కాదు.

సెలూ తన దేహాన్ని జీవితమంతా దేనికోసం సిద్ధపరచుకొన్నాడో అది వేట కాదేమో అనిపించే ఘట్టం చివర వచ్చినది. 1914లో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆయనకు అరువదిరెండు నిండినవి. సైన్యంలో చేరతానంటే వయస్సు మీరినదని త్రోసిపుచ్చినారు. పట్టు విడువక అడిగి, 1915లో రాయల్ ఫ్యూజిలియర్స్ 25వ పటాలంలో చిన్న అధికారిగా చేరి, జర్మనుల అధీనంలోని తూర్పు ఆఫ్రికాకు, అంటే నేటి టాంజానియా ప్రాంతానికి పోయినాడు. మలేరియా, విరేచనాలు పటాలాన్ని తుడిచిపెట్టినవి. ఇరువదియేండ్లవారు డోలీలలో తిరిగి పోతుండగా ఈ ముసలివాడు నడుస్తూనే ఉన్నాడు. ఒకసారి శస్త్రచికిత్సకై ఇంగ్లండుకు పంపితే, కోలుకొని మరల వచ్చినాడు. 1916లో ప్రభుత్వం డి.ఎస్.ఓ. పతకమిచ్చినది. 1917 జనవరి 4న రుఫీజీ నది ప్రాంతంలోని బెహోబెహో వద్ద శత్రువు ఎక్కడ ఉన్నాడో చూడడానికి దుర్భిణి కళ్ళకెత్తినాడు. దాగి ఉన్న తుపాకిగాని గుండు తగిలి అక్కడికక్కడే మరణించినాడు. అప్పటికి అరువదియైదు నిండి నాలుగు దినాలు. సరిగా ఏడాది తిరిగేసరికి, 1918 జనవరి 4ననే, విమానదళంలో ఉన్న ఆయన పెద్దకుమారుడు ఫ్రాన్సు, బెల్జియం రణరంగంలో ఆకాశయుద్ధంలో నేలరాలినాడు. ఇంటివద్ద తల్లికి ఆ తేదీ ఏమై ఉంటుందో!

సెలూను ఆయన పడిన చోటనే ఒక చింతచెట్టు నీడలో పూడ్చిపెట్టినారు. ఆఫ్రికా అడవిలో చింతచెట్టు ఉండడం మనకు వింతగా తోస్తుంది కాని ఆ చెట్టు పుట్టినిల్లు ఆఫ్రికాయేనని వృక్షశాస్త్రజ్ఞులంటారు. లండనులోని ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలలో ఆయన కంచువిగ్రహాన్ని 1920లో నెలకొల్పినారు. ఆయన సమాధి చుట్టూ ఉన్న అడవిని 1922లో ఆయన పేరున మృగసంరక్షణ ప్రాంతంగా ప్రకటించినారు. 1982లో అది ప్రపంచ వారసత్వ స్థలమైనది. 1970 దశకంలో అక్కడ సుమారు లక్ష ఏనుగులుండేవని లెక్క. దంతాల దొంగవేట వల్ల 2013 నాటికి అవి పదమూడు వేలకు పడిపోయినవి. 2019లో ఆ అడవి ఉత్తరభాగాన్ని విడదీసి టాంజానియా ప్రభుత్వం స్వాతంత్ర్య నాయకుడు జూలియస్ న్యెరేరే పేరున జాతీయవనంగా మార్చినది. సెలూ సమాధి ఇప్పుడు ఆ వనంలోనే ఉన్నది. పలకమీద ఆయన పేరు, పటాలం పేరు, మరణించిన తేదీ చెక్కి ఉన్నవి. అటు పోయే సఫారీలవారు బండి ఆపి చూచి పోతుంటారు.